ఐర్లాండు నాటకం, మన తండా నాటకం
(చిల్కూరులో జరిగిన యువజన సమావేశంలో సంఘం నాటక బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

'మన సంస్కృతి, యువత' మీద మాట్లాడమని సంఘం వాళ్లు మమ్మల్ని అడిగారు. ఆ అంశం మీద సభల్లో చెప్పే మాటలు మీకు ఇప్పటికే నోటికి వచ్చు. ఫేటియా, కాంచ్లి అందంగా ఉంటాయని, తీజ్ గొప్ప పండుగని, అన్నీ కాపాడుకోవాలని. అవన్నీ నిజాలే. కానీ ఇవాళ మేము మొన్న తండాలో జరిగిన ఒక లొల్లి గురించి మాట్లాడతాం. ఆ లొల్లి పట్టుకొని ఐర్లాండు దాకా పోయి మళ్లీ ఇక్కడికే వస్తాం. కొంచెం ఓపిక పట్టండి.

సంగతి ఇది. మా బృందంలో ఆరుగురం కలిసి గోర్ బోలిలో ఒక నాటకం రాస్తున్నాం. తండాలో ఒక ముసలి యాడి, ఆమెకు ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. లావుణి పట్టా కింద వచ్చిన రెండెకరాల భూమి. మన మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల భూమి సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977 నుంచి చట్టం ఉంది. గండిపేట, హిమాయత్ సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపల కట్టడాలకు హద్దు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. అయినా ఫామ్‌హౌస్ గోడలు లేస్తూనే వచ్చాయి. మా నాటకంలో పెద్ద కొడుకు బ్రోకర్. సొంత తండా భూములకే బేరం కుదురుస్తాడు. అతను దుర్మార్గుడేం కాదు. చెల్లె పెళ్లి, తమ్ముడి చదువు అని లెక్క చెబుతాడు. ఆ లెక్క తప్పని మేమూ అనలేకపోతున్నాం, అందుకే ఆ పాత్ర రాయడం కష్టమైంది.

తండాలో కూర్చొని రెండో రంగం చదివి వినిపిస్తుంటే ఒక పెద్దాయన లేచారు. "ఇన్నేళ్లూ బయటోళ్లు మనల్ని దొంగలన్నరు. ఇప్పుడు మీరే స్టేజీ ఎక్కి చెప్తరా? ఇది మన గురించి కాదు" అన్నారు. సగం మంది ఆయన వైపు, సగం మంది మా వైపు. ఎవరో మైకు తీసేశారు. మూడో రంగం చదవనే లేదు.

ఆ రాత్రి మాలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన ఒకరు అన్నారు: ఇదే లొల్లి 1907లో డబ్లిన్ నగరంలో అయింది, వారం రోజులు అయింది, పోలీసులు కూడా వచ్చారు అని. అప్పటి నుంచి మేము ఆ కథ వెంట పడ్డాం.

ఐర్లాండు ఇంగ్లండు పక్కనే ఉన్న దీవి. వందల ఏళ్లు ఇంగ్లీషు వాళ్ల ఏలుబడిలో ఉంది. 1841 లెక్కల్లో అక్కడ 80 లక్షలకు పైగా జనం. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టింది, ఏళ్ల తరబడి కరువు. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. అందులో చాలామంది ఐరిష్ భాష మాట్లాడే పేదలే. మిగిలినవాళ్లు పిల్లలకు ఇంగ్లీషే నేర్పాలనుకున్నారు, అమెరికాలో కూడు పెట్టేది అదే కాబట్టి. పిల్లవాడి మెడలో ఒక చిన్న కర్ర కట్టేవాళ్లు. నోట ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా దాని మీద ఒక గాటు. చివరికి గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. కొట్టింది సిపాయి కాదు, బడిపంతులు. సరేనన్నది తల్లిదండ్రులు.

చిల్కూరు బాలాజీ గుడికి వీసా కోసం వచ్చి 11 ప్రదక్షిణలు చేసేవాళ్లను, వీసా వచ్చాక మళ్లీ వచ్చి 108 చేసేవాళ్లను మీరు చూస్తూనే ఉంటారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. పోవాలి, తప్పేం లేదు. కానీ హాస్టల్లో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వస్తే, పక్కన దోస్తులు ఉన్నారని యాడితో తెలుగులో మాట్లాడే పిల్లలు మాకు తెలుసు. మేమూ అలా మాట్లాడినవాళ్లమే. మన మెడలో కర్ర ఎవరూ కట్టలేదు, గాట్లు మాత్రం పడ్డాయి.

ఇక ఆ ఐరిష్ మనిషి ఇంగ్లీషు నాటకాల్లో ఎలా కనిపించేవాడంటే, తాగుబోతు, వాగుడుకాయ, నవ్వించే బఫూన్. అతని యాస వింటేనే జనం నవ్వాలి. మన సినిమాల్లో కోయదొర వేషం గుర్తు తెచ్చుకోండి. తెలంగాణ యాస అంటే ఒకప్పుడు సినిమాలో రౌడీకో, పనివాడికో, కమెడియన్‌కో ఇచ్చేవాళ్లు. హీరో నోట అది రావడానికి ఎన్నేళ్లు పట్టిందో, దానికి ముందు ఊరూరా ఎన్ని ధూంధాంలు జరిగాయో మీ నాన్నలను అడగండి. 2014లో రాష్ట్రం రావడానికి ముందే ఆ యాస స్టేజీ మీద తలెత్తుకుంది.

ఆ బఫూన్ వేషాన్ని తుడిచేయాలనే డబ్లిన్‌లో కొందరు నాటకం మొదలుపెట్టారు. డబ్ల్యూ.బి. యేట్స్ అనే కవి, లేడీ గ్రెగరీ అనే రచయిత్రి, వాళ్ల మిత్రులు. 1901లో డగ్లస్ హైడ్ అనే పండితుడు ఐరిష్ భాషలోనే ఒక చిన్న నాటకం రాసి, తానే వేషం కట్టాడు. కథ మన తండాలో జరిగినట్టే ఉంటుంది. ఊరు తిరిగే కవి ఒకడు ఒక ఇంట్లో చొరబడి, పెళ్లి కుదిరిన పిల్లను మాటలతో మరిపిస్తుంటాడు. వాడిని వెళ్లగొడితే శాపం పెడతాడని భయం. అందుకని గడ్డితాడు పేనమని పొగిడి వాడి చేతికిస్తారు. తాడు పేనుతూ పేనుతూ వెనక్కి నడిచి గడప దాటగానే తలుపు వేసేస్తారు. అంతే కథ. పెద్ద నాటకశాలలో ఆ భాష వినిపించడం అదే మొదలు. తర్వాత కాలంలో, 1938లో, ఈ హైడే ఐర్లాండుకు మొదటి రాష్ట్రపతి అయ్యాడు.

1902లో ఇంకో నాటకం. పెళ్లి ఏర్పాట్లు జరుగుతున్న ఒక రైతు ఇంటికి ముసలామె వస్తుంది. నా ఇంట్లో పరాయివాళ్లు చేరారు, నా నాలుగు పొలాలు పోయాయి అంటుంది. పెళ్లికొడుకు పెళ్లి వదిలి ఆమె వెంట పోరాటానికి వెళ్లిపోతాడు. ఆ ముసలామే ఐర్లాండు. చూసిన యువకులు రక్తం ఉడికి ఇళ్లకు వెళ్లారు. ఆ నాటకం యేట్స్ పేరుతోనే చలామణి అయింది, అందులో లేడీ గ్రెగరీ చేయి ఎంత ఉందో చాలా కాలం తర్వాత గాని లోకం ఒప్పుకోలేదు. మన పాటలు కట్టిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు కదా, అందుకే ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాం.

1904 డిసెంబరులో వీళ్లకు ఆబీ థియేటర్ అనే సొంత నాటకశాల వచ్చింది. అక్కడ 1907 జనవరిలో జె.ఎం. సింగ్ అనే రచయిత నాటకం వేశారు. పేరులో సింగ్ అని ఉన్నా ఆయన ఐరిష్ వాడే. పడమటి తీరంలో ఆరన్ దీవులకు పోయి, అక్కడి జనం మధ్య ఉండి, వాళ్ల మాట పట్టుకొని రాసినవాడు. కథలో ఒక కుర్రాడు పల్లెకొచ్చి, మా నాన్నను చంపి వచ్చానంటాడు. పల్లెవాళ్లు భయపడకుండా వాడిని వీరుడిని చేసి కూర్చోబెడతారు. ఆడపిల్లలు వెంటపడతారు. తీరా ఆ తండ్రి తలకు కట్టుతో బతికే వస్తాడు. హాల్లో జనం లేచి అరిచారు. మా పల్లెలు ఇట్లుండవు, మా ఆడవాళ్లు ఇట్లా మాట్లాడరు, ఇది మమ్మల్ని అవమానించడమే అన్నారు. పోలీసులను పిలిపించి మరీ వారమంతా ఆడించారు. తర్వాత అదే హాల్లో సభ పెట్టి, ఆడటం తప్పా ఒప్పా అని జనంతోనే వాదించారు.

ఇక్కడ అరిచినవాళ్లను మూర్ఖులని కొట్టిపారేయడం సులువు. మేము అలా అనుకోవడం లేదు. వంద ఏళ్లు స్టేజీ మీద బఫూన్‌గా నిలబెట్టిన జాతి అది. సొంత నాటకశాల వచ్చింది, ఇప్పుడైనా మంచిగా కనిపిస్తామనుకుంటే, అక్కడా తండ్రిని కొట్టిన కొడుకు, వాడిని నెత్తినెక్కించుకున్న పల్లె. పైగా సింగ్ భూస్వాముల వర్గం నుంచి వచ్చినవాడు, పల్లెవాడు కాదు. వాళ్లకు మండటంలో న్యాయం ఉంది.

మా తండా పెద్దాయన మాటలోనూ అంతే న్యాయం ఉంది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన జాబితాల్లో మన వాళ్లనూ చేర్చింది. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని లదేణి చేస్తూ దేశమంతా తిరిగిన జాతి, రైళ్లు వచ్చి బతుకుదెరువు పోయాక, అనుమానితుల జాబితాలో చేరింది. ఆ చట్టం 1952లో పోయింది. కాగితం మీద పోయింది. ఆయన చిన్నతనంలో ఊళ్లో ఏం పోయినా ముందు తండా వైపే చూసేవాళ్లట. అలాంటి మనిషికి, స్టేజీ మీద మోసం చేసే లంబాడీ పాత్ర కనిపిస్తే ఎట్లుంటుంది? మేము ఆ సంగతి ముందు ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

అయినా డబ్లిన్ కథ అక్కడ ఆగలేదు. 1916 ఏప్రిల్‌లో ఐర్లాండులో తిరుగుబాటు జరిగింది. ఆబీ నటుడు షాన్ కానలీ మొదటి రోజే తూటాకు బలయ్యాడు. పదేళ్ల తర్వాత, దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, షాన్ ఓకేసీ ఆ తిరుగుబాటు మీదే నాటకం రాశాడు. అందులో వీరుల కన్నా డబ్లిన్ ఇరుకు ఇళ్లలోని కూలి జనం ఎక్కువ కనిపిస్తారు. సారాకొట్టులోకి జెండా తెస్తారు, ఒక వేశ్య పాత్ర ఉంటుంది, సందు దొరికితే దుకాణాలు దోచుకునేవాళ్లు ఉంటారు. 1926లో మళ్లీ హాల్లో రభస. ఈసారి లేచినవాళ్లలో తిరుగుబాటులో భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారు. కానీ ఓకేసీ సింగ్ లాంటి బయటివాడు కాదు. ఆ పేద వాడల్లో బతికి, కూలి చేసినవాడు, కార్మిక ఉద్యమంలో తిరిగినవాడు. తన వాళ్ల గురించి తానే చెప్పాడు. మా బృందానికి వీళ్లందరిలో ఎక్కువ నచ్చినవాడు ఇతనే.

ఇదంతా ఎక్కడో దూరపు ముచ్చట అనుకోకండి. ఆ డబ్లిన్ నాటకాల వాళ్లలో ఒకాయన మన తెలుగు నేలకే వచ్చి, ఇక్కడే కన్నుమూశాడు. పేరు జేమ్స్ కజిన్స్. బెల్‌ఫాస్ట్‌లో 1873లో పుట్టాడు. 1902లో ఆయన చిన్న నాటకాలు డబ్లిన్‌లో ఆడాయి. యేట్స్‌కు ఆయన రాత పెద్దగా నచ్చలేదు, అది వేరే సంగతి. 1915లో భార్య మార్గరెట్‌తో మద్రాసు వచ్చి అనిబిసెంట్ పత్రికలో చేరాడు. 1916 తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు చిత్తూరు జిల్లా మదనపల్లె కాలేజీకి వచ్చాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కాలేజీకి వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి చేసింది అక్కడే. పాట బాణీని స్వరాలుగా రాసి పెట్టడంలో మార్గరెట్ కజిన్స్ చేయి ఉంది. అంతకు ముందే 1913లో ఠాగూర్ 'పోస్టాఫీసు' నాటకం ఆబీలో ఆడింది. ఐరిష్ భాష నేర్పే ఒక బడికి సాయంగా ఆడారు. ఆ బడి పెట్టిన పియర్స్‌ను 1916లో కాల్చి చంపారు. అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి దారి ఉండింది.

మన తెలుగులో అలాంటి నాటకం లేదా అంటే, ఉంది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి 1947లో 'మా భూమి' ఆడింది. రాసినవాళ్లు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. ఇద్దరూ కోస్తావాళ్లు. జనగామ దిక్కు కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం దొరతో తలపడి 1940లో హత్యకు గురైన షేక్ బందగీ కథ వాళ్లకు ప్రేరణ. ఊరూరా ఆడితే ప్రభుత్వం భయపడి నిషేధించింది. ఆ పోరాటంలో మన వాళ్లున్నారు. ధర్మాపురం లంబాడీ రైతులు సాగు చేసుకున్న భూమి కోసం తిరగబడ్డారు, జాటోతు ఠానూ నాయక్ ప్రాణమిచ్చాడు. ఠానూ నాయక్ మీద పాటలున్నాయి, సభలున్నాయి. ఆయన ఇంట్లో మాట్లాడిన భాషలో ఒక పెద్ద నాటకం మాత్రం మాకు కనిపించలేదు.

మనం స్టేజీ మీదికి ఎప్పుడు ఎక్కుతాం? పెద్ద మనిషి ఎవరైనా వచ్చినప్పుడు స్వాగతానికి. ఒకసారి మా బృందాన్ని ఒక సభకు పిలిచి మూడు నిమిషాలు ఇచ్చారు. పాట అక్కర్లేదు, నంగారా కొట్టండి చాలు, ఆడవాళ్లు అద్దాల బట్టలతో ముందు వరసలో ఉండాలి అన్నారు. ఆ పాటలో ఏముందో అడిగినవాళ్లు లేరు. ఆడాం, ఫొటోలు దిగాం, అన్నం తిని వచ్చాం. పాట లేకుండా ఆడినప్పుడు కాళ్లు తడబడతాయని ఆ రోజే తెలిసింది.

మనమెవరం అనే ప్రశ్నకు ఇప్పుడు మన దగ్గర ఉన్న జవాబు ఒక సర్టిఫికెట్. దాని విలువ తక్కువ చేయడం లేదు, మేము చదువుకున్నది దాని వల్లే. కానీ చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు పట్టుకొని బీజాపూర్ దిక్కు పోతూ ఉండండి. తెలంగాణలో మనం ఎస్టీ. కర్ణాటకలోకి అడుగు పెడితే అదే గోత్రం అన్నదమ్ములు ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. మూడు రాష్ట్రాల కాగితాలు మూడు మాటలు చెబుతాయి. మూడు చోట్లా తీజ్ బుట్టల్లో గోధుమలు మొలకెత్తుతాయి, మూడు చోట్లా పెళ్లికూతురు అవే ఢావ్లోలు ఏడుస్తుంది.

ఇంకొక్క ఐరిష్ నాటకం చెప్పి ఆపేస్తాం. 1980లో బ్రయాన్ ఫ్రీల్ రాసింది, పేరుకు 'అనువాదాలు' అని అర్థం. కథాకాలం 1833. ఇంగ్లీషు సైనికులు ఐర్లాండు పటం గీయడానికి ఒక పల్లెకు వస్తారు. నోరు తిరగని ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లీషులోకి మారుస్తారు. వాళ్లకు సాయం చేసేది అదే పల్లె కుర్రాడు ఓవెన్. సైనికులు అతన్ని రోలండ్ అని పిలుస్తుంటారు. అతను మొదట సర్దుకుపోతాడు, దిద్దడు. ఇది చదివినప్పుడు మేమంతా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బడి రిజిస్టర్‌లో పేరు మారిపోయినవాళ్లు మాలో ఇద్దరున్నారు. వాళ్లూ దిద్దలేదు.

ఆ నాటకంలో ఒక ఉపాయం ఉంది, అది మేము అప్పు తెచ్చుకున్నాం. ఐరిష్ పాత్రలు, ఇంగ్లీషు పాత్రలు అందరూ స్టేజీ మీద ఇంగ్లీషే మాట్లాడతారు. కానీ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఒక సైనికుడు, ఒక పల్లెపిల్ల ప్రేమలో పడి, ఒకరి మాట ఒకరికి తెలియకుండానే మాట్లాడుకుంటారు. చూసేవాళ్లకు ఇద్దరి మాటా అర్థమవుతుంది. మా నాటకంలో రిజిస్ట్రార్ ఆఫీసు రంగం ఉంది. యాడి గోర్ బోలిలో మాట్లాడుతుంది, గుమస్తా తెలుగులో. మధ్యలో పెద్ద కొడుకు తర్జుమా చేస్తాడు. యాడి అమ్మనంటుంది. అమ్ముతానందని కొడుకు చెబుతాడు. మన తండాలో ఆడితే రెండు భాషలూ తెలిసిన జనం అంతా ఆ అబద్ధం పట్టుకుంటారు. హైదరాబాదులో ఆడితే మన వాళ్లు తప్ప ఎవరికీ తెలియదు. ఆ తేడానే మాకు కావాలి.

గోర్ బోలికి లిపి లేదు కదా, నాటకం ఎట్లా రాస్తారని కొందరు అడుగుతున్నారు. తెలుగు లిపిలో రాస్తున్నాం. కొన్ని ధ్వనులకు అక్షరం సరిపోదు, నోటితో నేర్చుకుంటాం. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ తెలుగులో రాసిన 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మీ వయసుకు దగ్గరివాడే. తండా కథ పుస్తకమైంది, ఇక స్టేజీ మీదికి రావాలి. మన దగ్గర సరుకు తక్కువేం లేదు. ఢావ్లో అంటే ఏడుపే పాట. పెళ్లికూతురు ఒక్కొక్కరినీ పట్టుకొని, ఆ మనిషికి తగ్గ మాట అప్పటికప్పుడు కట్టి ఏడుస్తుంది. అంతకన్నా నాటకం ఏముంది? అది తెలిసిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఫోన్లో రికార్డు చేయండి, పాడిన ఆమె పేరు, తండా పేరు కూడా చెప్పించి రికార్డు చేయండి.

ఇక మా లొల్లి సంగతి. రెండు రోజులు చర్చించి మేము అనుకున్నదిది: బ్రోకర్ పాత్ర తీసేయం. కానీ అతనికి డబ్బిచ్చినవాళ్లు కూడా స్టేజీ మీదికి రావాలి, లేకపోతే తప్పంతా మన నెత్తినే పడుతుంది. పెద్దాయన చెప్పాక గాని ఆ లోటు మాకు కనబడలేదు. ముందు తండాల్లో ఆడతాం, మన వాళ్ల ముందు, టికెట్ లేకుండా. ఆట అయ్యాక ఎవరైనా లేచి తిట్టొచ్చు, మైకు మాత్రం తీయొద్దు.

ఆ పెద్దాయన మొన్న ఫోన్ చేశారు. నగరంలో ఆడటానికి ఇంకా ఒప్పుకోలేదు. "కానీ బ్రోకర్ మాటలు మీకు రాయరాలేదు. వాళ్లు అట్లా మాట్లాడరు. ముందు చాయ్ తాపిస్తరు, యాడిని యాడీ అంటరు, భూమి ముచ్చట చివర్ల తీస్తరు. నా భూమి పోయింది, నాకు తెల్సు" అన్నారు. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు తండాలో మూడో రంగం చదువుతున్నాం. ఆయన వస్తున్నారు. యాడి పాత్రకు ఇంకా మనిషి దొరకలేదు, గోర్ బోలి బాగా వచ్చిన చెల్లెళ్లు ఎవరైనా ఉంటే సభ అయ్యాక మమ్మల్ని కలవండి.